వెబ్‌సైట్‌కి బోణీ

మెయిల్ వచ్చినప్పుడు నేను గిన్నెలు తోముతున్నాను. ఫోను కిటికీ గట్టు మీద ఉంది. తెర వెలిగింది కదా అని ఓరగా చూస్తే, నా సైట్‌లో ప్రకటనలు వేసుకోవడానికి అనుమతి ఇచ్చారన్న ముక్క కనిపించింది. అంతే. చేతిలో ఉన్న మూకుడు సింకులో పడేసి ఒక్క కేక పెట్టాను. స్నానం చేస్తున్న మా ఆయన తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఏటయింది? గ్యాస్ గానీ లీకయిందేటి?"

"ప్రకటనలు వచ్చాయండీ! మన సైట్‌కి ప్రకటనలు వచ్చాయి!"

"ఓస్, అంతేనా! తల మీద సబ్బు అలగే ఉంది నాకు" అని గొణుక్కుంటూ తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకేం, ప్రతి నెలా జీతం పడుతుంది. పడినప్పుడు ఫోను టింగుమంటుంది, ఆయన దాని వంక కూడా చూడరు. నాకు అలా కాదు. పుట్టి బుద్ధెరిగాక నా చేతికొచ్చిన ప్రతి రూపాయీ ఎవరో ఒకరు ఇచ్చిందే. నా రాతకి నాకు డబ్బొస్తుందంటే ఆ సంబరం ఎలా ఉంటుందో ఆయనకి ఎలా చెప్పను?

నాదసలు ఆగని గొంతు. సంతోషమైనా కోపమైనా ముందు బయటికి వచ్చేస్తుంది, తర్వాతే నేను ఆలోచిస్తాను. శ్రీకాకుళం నుంచి సికింద్రాబాద్ వచ్చి ఇన్నేళ్ళయింది, గొంతు మాత్రం మా ఊళ్ళో ఎంత ఉండేదో ఇక్కడా అంతే ఉంది. బోయిగూడలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి మా ఇంటి సంగతులన్నీ సందు మొత్తానికి తెలుసు. ఆ సైట్ కూడా ఒక కోపంలోంచే పుట్టింది.

ఓసారి మోండా మార్కెట్లో ఇనప పెనం కొన్నాను. మొదటి దోసె అంటుకుపోయింది. రెండోదీ అంతే. మూడోది గీకి తీస్తే ఉప్మాలా వచ్చింది. పెనం సంచిలో వేసుకుని నేరుగా కొట్టుకి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. కొట్టాయన నింపాదిగా విని, "ముందుగాల ఉల్లిగడ్డతోటి రుద్దినవా అమ్మా? నూనె రాసి పొగలొచ్చేదాంక కాల్చినవా?" అన్నాడు. నాకేం తెలుసు! ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే తెలుగులో పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. వీడియోలున్నాయి గానీ, పెనం సంగతి వచ్చేలోపు వాళ్ళ ఇంటి కర్టెన్లు, కొత్త చీరలు అన్నీ చూడాలి. ఒళ్ళు మండిపోయింది. నేనే రాద్దామని కూర్చున్నాను. పెనాన్ని ఎలా కడగాలి, ఎలా కాల్చాలి, ఎప్పుడు ఉల్లిపాయ రుద్దాలి, మొదటి దోసె చెడిపోతే ఎందుకు కంగారు పడకూడదు, అన్నీ.

అలా మొదలైంది. తర్వాత కుక్కర్ విజిల్ రాకపోతే ఏం చూడాలో రాశాను. మిక్సీ జారు అడుగునుంచి నీళ్ళు కారితే ఏం మార్పించాలో రాశాను. అడుగంటిన స్టీలు గిన్నె, మొద్దుబారిన కత్తిపీట, బిగుసుకుపోయిన ఊరగాయ జాడీ మూత. తెలియనిది మోండాకి వెళ్ళి అడిగేదాన్ని, ఇంటికొచ్చి చేసి చూసేదాన్ని, కుదిరాకే రాసేదాన్ని. ఒకరోజు పెనం వ్యాసం కింద ఎవరో, "మీ పుణ్యాన ఇవాళ మా ఇంట్లో దోసెలు విరగలేదండీ" అని రాశారు. నేను ఆ ముక్క మా ఆయనకి చదివి వినిపించాను, మా అమ్మకి ఫోన్ చేసి చదివాను, కింది పిన్నిగారికి మేడ దిగి వెళ్ళి మరీ చదివాను.

ఆ వ్యాసాల పక్కన ప్రకటనలు వేసుకుంటే డబ్బులొస్తాయని చెప్పింది మా ఆయనే. ఆఫీసులో ఎవరో అన్నారట. పద్ధతి సులువే. మనం రాసిన పేజీలో కంపెనీవాళ్ళు ప్రకటనలు పెడతారు. చదవడానికి వచ్చినవాళ్ళు ఆ ప్రకటన చూస్తే కాస్త, నొక్కి లోపలికి వెళ్తే ఇంకాస్త, ప్రకటన ఇచ్చినాయన కట్టిన సొమ్ములోంచి మనకి వాటా వస్తుంది. దరఖాస్తు చేశాను. నిబంధనలు చాంతాడంత ఉన్నాయి. చివర 'అంగీకరిస్తున్నాను' అని ఒక గడి ఉంటే హాయిగా దాన్ని నొక్కేశాను. ఆ నిబంధనలు ఈ భూమ్మీద ఎవరైనా చదువుతారా?

ఇంతకీ మెయిల్ వచ్చిన రోజు సంగతి కదా. నా కేకకి మా ఆయన వెనక్కి వెళ్ళారు గానీ, కింద నుంచి పిన్నిగారు పైకి వచ్చింది. ఆవిడ మా ఇంటి ఓనరు. తాతల కాలం నుంచీ ఇక్కడివాళ్ళే. నేను పిన్నిగారూ అంటాను, ఆవిడ నన్ను బిడ్డా అంటుంది.

"ఏంది బిడ్డా, గంత లొల్లి చేస్తున్నవ్?"

చెప్పాను. ప్రకటనలంటే ఏమిటో, వాటా అంటే ఏమిటో ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆవిడ అంతా విని, "అంటే నువ్వు దుకాణం తెరిసినట్టే కదా?" అంది.

"అలాగే అనుకోండి."

"మరి బోణీ ఎవ్వలు చేసిండ్రు?"

నేను నాలిక్కరుచుకున్నాను. నిజమే. ఎవరూ చేయలేదు.

"ఎవ్వలనూ ముట్టనియ్యకు. చేతులు కడుక్కొని వస్తా" అని ఆవిడ గబగబా మెట్లు దిగిపోయింది.

ఇక్కడ పిన్నిగారి చేతి గురించి చెప్పాలి. మోండా మార్కెట్లో ఆవిడది పేరున్న చేయి. పొద్దున్నే ఆవిడ సంచి పట్టుకుని వెళ్తుంటే ఆకుకూరల ఆమె, టమాటాల ఆయన, నిమ్మకాయల ముసలాయన అందరూ "అక్కా, ఇటు రా, బోణీ చెయ్యి" అని పిలుస్తారు. నేను కళ్ళారా చూశాను. వేరేవాళ్ళు ముందొచ్చి నిలబడినా, "జెర ఆగు అమ్మా, అక్క బోణీ చేస్తది" అని ఆపేవాళ్ళు. ఆవిడ ఏదో ఒక కట్ట కొని డబ్బులిస్తే ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకునేవాళ్ళు. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. సందులో పెళ్ళైనా గృహప్రవేశమైనా పిలుస్తారు, పిలిచి వెనక వరసలో కూర్చోబెడతారు. పసుపు దంచేటప్పుడు, పాలు పొంగించేటప్పుడు ఆవిడని ఎవరూ చేయి వేయమనరు. ఆవిడే ఒకసారి నాతో అంది. "ఎవ్వలింట్లనన్న నన్ను ఎనకకే కూసోమంటరు బిడ్డా. మోండాల ఒక్కటే ముందుగాల పిలుస్తరు." ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో ఉన్న గర్వం నేనెప్పుడూ మర్చిపోలేదు. అందుకే ఆ చేయి నా సైట్‌కి బోణీ చేస్తానని తనంతట తానే వచ్చిందంటే నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు.

పిన్నిగారు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ పైకి వచ్చి, అమ్మవారిని తల్చుకుని కుర్చీలో కూర్చుంది. పెనం వ్యాసం పక్కన పరుపుల ప్రకటన వచ్చింది. చూపుడువేలితో దాన్ని నొక్కింది. పరుపుల కొట్టు తెరుచుకుంది. నేను వెంటనే మూసేయబోతే చేయి పట్టుకుంది.

"ఆగు. దుకాణంల అడుగు వెట్టి ఉత్తగనే మర్లిపోతే బోణీ ఎట్లయితది? ధర సూడనియ్యి." చూసింది. "అమ్మో! పరుపుకు గిన్ని పైసలా? దూది వెట్టి కుట్టిండ్రా, బంగారం వెట్టి కుట్టిండ్రా?"

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. సాయంత్రం ఖాతా తెరిచి చూస్తే సున్నా పోయి అంకె వచ్చింది! ఓ కొత్తిమీర కట్టకి సరిపోతుందేమో అంతే. అయినా అది నా కొత్తిమీర కట్ట. మళ్ళీ కేక పెట్టాను. ఈసారి మా ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

ఆ రోజు నుంచి అదొక ఆచారమైపోయింది. పిన్నిగారు పొద్దున్నే మోండాకి వెళ్ళి అక్కడి బోణీలు అయ్యాక, కూరల సంచితో నేరుగా పైకి వచ్చేది. నేను చాయ్ పెట్టేదాన్ని. ఆవిడ నా సైట్‌కి బోణీ చేసేది. ఒకరోజు మోకాళ్ళ నొప్పుల నూనె, ఒకరోజు ఇన్సూరెన్స్, ఒకరోజు ఇంగ్లీషు నేర్పే క్లాసులు. ఏదొచ్చినా వదిలేది కాదు. లోపలికి వెళ్ళి, ధర చూసి, ఎక్కువని తిట్టి, అప్పుడు బయటికొచ్చేది. సైనిక్‌పురిలో ఉన్న వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేసి, "మా బిడ్డ దుకాణం వెట్టింది, నువ్వు సుత రోజూ ఓ చెయ్యి వెయ్యి" అని పురమాయించింది. ఆ చెల్లెలు వాళ్ళ కోడలికి చెప్పింది. ఇంకెవరెవరికి చెప్పారో నాకు తెలియదు.

అంకెలు మాత్రం పెరుగుతున్నాయి! నిజంగా చదివేవాళ్ళు కూడా పెరుగుతున్నారు, అది వేరే సంతోషం. ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. కుక్కర్ వ్యాసాన్ని ఎవరో వాట్సాప్‌లో పంచుకుంటే ఒక్కరోజులో జాతరలా జనం వచ్చారు. కంపెనీవాళ్ళు ఒక మొత్తం చేరేదాకా డబ్బు పంపరు, చేరాక బ్యాంకులో వేస్తారు. మేం ఆ మొత్తానికి దగ్గరికొచ్చేశాం. నేను రోజూ లేవగానే ముందు అది చూసుకునేదాన్ని, తర్వాతే ముఖం కడుక్కునేదాన్ని. నాకు నేనే ముద్దొచ్చేదాన్ని ఆ రోజుల్లో.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే ఇంకో మెయిల్ వచ్చింది. అది చదివి నేను కేక పెట్టలేదు. అదొక్కటి చాలు మా ఆయనకి, ఏదో జరిగిందని తెలియడానికి.

నా సైట్‌లో ప్రకటనలు నెల రోజులు ఆపేశారు. అప్పటిదాకా చేరిన సొమ్ము ప్రకటనలు ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చేస్తారట. కారణం, చెల్లని నొక్కులు. సైట్ యజమాని గానీ, ఇంట్లోవాళ్ళు గానీ, తెలిసినవాళ్ళు గానీ సొంత సైట్‌లో ప్రకటనలు నొక్కకూడదట. నేను 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన ఆ చాంతాడులో అది మొట్టమొదట్లోనే ఉంది.

ఆఫీసుకి తయారవుతున్న మా ఆయన మొత్తం చదివి, నెత్తి మీద చేయి వేసుకుని నవ్వారు. "నువ్వేటి చేశావో తెలుసా? ఆ పరుపుల ఆయన నొక్కు నొక్కుకీ డబ్బులు కడతన్నాడు. కొనేవాళ్ళు వస్తారని కడతన్నాడు. మనవాళ్ళేమో రోజూ పొద్దున్నే ఆయన డబ్బులతో బోణీలు చేసుకుంటన్నారు. ఆ నొక్కులే కొంప ముంచాయి."

ఆయన గొంతూ నా గొంతు లాంటిదే. తలుపు తీసే ఉంది. ఆ తలుపు దగ్గర పిన్నిగారు కూరల సంచితో నిలబడి ఉంది.

"ఏ నొక్కులు బిడ్డా?" అంది మెల్లగా. "నా నొక్కులేనా?"

"మీవి కాదు పిన్నిగారూ. అందరివీ. అదొక రూలు. నేనే చదవలేదు" అన్నాను. మా ఆయన కూడా కంగారుపడి, "అదేం లేదండీ, నెల పోతే అదే వస్తాది" అన్నారు. ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సక్కగున్న దుకాణం. నా చెయ్యి వడ్డంకనే బంద్ అయింది" అని, సంచి చంకలో పెట్టుకుని దిగిపోయింది. చాయ్ పొయ్యి మీదే ఉండిపోయింది.

డబ్బు పోయినందుకు నేను ఏడవలేదంటే అబద్ధం. ఏడ్చాను. కానీ మర్నాటి పొద్దున్న నాకు డబ్బు గుర్తుకు రాలేదు. పిన్నిగారి చెప్పుల చప్పుడు వినిపించలేదు. ఆ వేళకి ఆవిడ గేటు తీసుకుని మోండాకి బయల్దేరాలి. బయల్దేరలేదు. ఎండెక్కాక, మార్కెట్లో అందరి బోణీలూ అయిపోయాక అప్పుడు వెళ్ళింది. తర్వాతి రోజూ అంతే. నేను మోండాకి వెళ్తే ఆకుకూరల ఆమె అడిగింది, "అక్క వస్తలేదేంది? పానం మంచిగ లేదా?" అని. నాకప్పుడు అర్థమైంది. తన చేయి ఎవరి గల్లా మీదా ముందుగా పడకూడదని ఆవిడే మధ్యాహ్నం వేళ తప్పుకుని తిరుగుతోంది. ఆవిడని లోకంలో ఒక్కచోటే ముందు పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఆ ఒక్కచోటికి కూడా ఆవిడ పిలిచే వేళకి వెళ్ళడం లేదు.

నాకు దిగులొస్తే ఎక్కువసేపు నిలవదు, కోపంగా మారిపోతుంది. కూర్చుని ఆ కంపెనీకి ఇంగ్లీషులో పెద్ద విన్నపం రాశాను. మా దేశంలో బోణీ అని ఒకటుందని, మొదటి బేరం మంచి చేయి చేయాలని, మా పిన్నిగారి చేయి సికింద్రాబాద్ మొత్తంలో మంచిదని, ఆవిడకి ఎవరి సొమ్మూ అక్కర్లేదని రాశాను. మా ఆయన అది చదివి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. "బోణీ అంటే ఆళ్ళకేటి తెలుస్తాది? మిషనే చదువుతాది దీన్ని" అన్నారు. మిషనే చదివిందో మనిషే చదివాడో గానీ, నిబంధనలు చదవండి అని రెండు ముక్కల జవాబు వచ్చింది.

సరే, చదువుతాను, చూద్దాం ఎవరి సంగతి ఏమిటో అనుకున్నాను. పంతం పట్టి మొదట్నుంచి చివరిదాకా చదివాను. ప్రకటన నొక్కకూడదు. నొక్కమని అడగకూడదు. నొక్కినందుకు ఏమీ ఇవ్వకూడదు, అంటే నా చాయ్ కూడా తప్పే. ఇవన్నీ ప్రకటనల సంగతి. వ్యాసం రాశాక దాన్ని లోకానికి వదలడానికి నేను నొక్కే 'ప్రచురించు' బటన్ ఉంటుంది చూశారూ, దాన్ని ఎవరు నొక్కాలో ఒక్క ముక్క కూడా లేదు! నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. అసలు బోణీ మేం తప్పు చోట చేశాం. ప్రకటన పరుపుల ఆయన కొట్టు. నా కొట్టు నా వ్యాసం. దాని షట్టర్ ఎత్తేది ఆ బటన్. పిన్నిగారి చేయి పడాల్సింది అక్కడ!

రెండేసి మెట్లు దూకుతూ కిందికి వెళ్ళి చెప్పాను. అరిచి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నా మాట అయ్యేదాకా విని, కుడి చేయి కొంగులో దాచేసుకుంది.

"నాతోని చేపియ్యకు బిడ్డా. నువ్వు ఎంత కష్టపడి రాసినవో నేను సూడలేదా? నా చెయ్యి ఇప్పుడు మంచిగ లేదు."

"మీ చేయి కాదంటే వినరేం పిన్నిగారూ!"

"నీకు దుకాణాల సంగతి తెల్వదు" అని మళ్ళీ ఈనెలు తీయడంలో పడింది, ఎడం చేత్తో.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మర్నాడు తెల్లారగానే కిందికి దిగి, ఒంట్లో బాగాలేదు, సంచి మోయడానికి తోడు రండి అని అబద్ధమాడాను. ఆవిడ నమ్మింది, నాకు బాగాలేదంటే ఆవిడ ఏదైనా నమ్ముతుంది. మోండా అప్పుడే తెరుస్తున్నారు. గోనెపట్టాలు పరుస్తున్నారు, ఆకుకూరల మీద నీళ్ళు చల్లుతున్నారు. పిన్నిగారికి విషయం అర్థమై నా వెనక్కి నక్కింది. కానీ ఆకుకూరల ఆమె కంట పడకుండా ఎవరూ పోలేరు.

"అక్కా! గిన్ని దినాలు ఏడ వోయినవ్? పొద్దుగాల వస్తలేవు, పగటీలి వచ్చి అటుకెల్లి అటే పోతున్నవ్. నేను సూస్తలేననుకున్నవా? నా మీద ఏమన్న కోపమా?"

"కోపం కాదే" అంది పిన్నిగారు. "నా చెయ్యి మంచిగ లేదు. ఈ బిడ్డ దుకాణానికి బోణీ చేస్తే దుకాణమే బంద్ అయింది. నీకెందుకు తక్లీఫ్ అని వస్తలేను."

ఆకుకూరల ఆమె చేతిలో ఉన్న నీళ్ళ చెంబు ఠక్కున కింద పెట్టింది. ఓదారుస్తుందేమో అనుకున్నాను. తిట్టింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? మొన్న వానలప్పుడు నువ్వు బోణీ చేసి అటు పోయినవో లేదో, నా పాలకూర మొత్తం మురిగిపాయె. గంపకు గంప పారవోసిన. నీకు చెప్పిననా? గిరాకి లేక కొత్తిమీర ఆవులకేసి, ఉత్త చేతులతోటి ఇంటికి పోయిన దినాలు ఎన్ని లేవు! అప్పుడు సుత బోణీ చేసింది నువ్వే కదా. నీ చెయ్యిని ఒక్క మాటన్న అన్ననా? తెల్లారి మళ్ల పిల్వలేదా?"

పిన్నిగారికి ఇది కొత్త. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.

"మరి ఎందుకు పిల్సినవే, అట్ల పోతున్నంక సుత?"

"ఎందుకేంది? తెల్లారంగ నువ్వొస్తే నాకు మంచిగనిపిస్తది. బేరమాడ్తవ్, తిడ్తవ్, నవ్విస్తవ్. గిరాకి అయితే అయితది, కాకుంటే కాదు. దానికి నీ చెయ్యి ఏం చేస్తది? నేను పిల్సింది నిన్ను అక్కా."

పిన్నిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఒత్తుకుని, వంగి ఎడం చేత్తో తోటకూర కట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ వాడిపోయిన దానికి ఎంత?"

"వాడిపోయిందా? ఇప్పుడే కోసుకొచ్చిన! కండ్లు కనవడ్తలేవా నీకు?"

ఇద్దరూ గట్టిగా బేరమాడుకున్నారు. చివరికి పిన్నిగారు కొంగులోంచి కుడి చేయి తీసి నోటు ఇచ్చింది. ఆకుకూరల ఆమె దాన్ని కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకుంది. పక్కన నిమ్మకాయల ముసలాయన అప్పటికే "అక్కా, ఇటు సుత" అని పిలుస్తున్నాడు.

ప్రకటనలు తర్వాత తిరిగి వచ్చాయి. కొన్నాళ్ళకి నా మొదటి సంపాదన బ్యాంకులో పడింది కూడా. ఆ రోజు నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు దొంగలు పడ్డారేమోనని వచ్చారు. కానీ మోండా నుంచి తిరిగొచ్చిన ఆ పొద్దున్నకి ప్రకటనలు ఇంకా రాలేదు. నా పేజీలో ఎవరికీ పైసా వచ్చేది లేదు, పోయేది లేదు. పిన్నిగారు గేటు దగ్గర ఆగలేదు. కూరల సంచితో నా వెనకాలే మేడ ఎక్కి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏదీ నీ దుకాణం షట్టర్? సూపియ్యి."

కుక్కర్ గాస్కెట్ ఎప్పుడు మార్చాలో రాసిన వ్యాసం సిద్ధంగా ఉంది. బటన్ చూపించాను. నొక్కే ముందు నా ముఖంలోకి చూసింది.

"ఇది నొక్కితే ఎవ్వల పైసలూ పోవు కదా?"

"పోవు."

వేలితో నొక్కింది. తెర ఒక్క క్షణం తెల్లబడి, వ్యాసం లోకంలోకి వెళ్ళిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. చాయ్ పొయ్యి మీద పెట్టాను, ప్రకటన నొక్కలేదు కాబట్టి ఇప్పుడు చాయ్ ఇవ్వచ్చు అని గట్టిగా ప్రకటించాను కూడా. ఆవిడ తెర వైపే చూస్తోంది.

"ఇప్పుడు మంది వచ్చి సదువుతరా?"

నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "చదవచ్చు పిన్నిగారూ. ఒక్కరూ చదవకపోవచ్చు కూడా."

ఆవిడ కాసేపు తన చేతి వంక చూసుకుంది. తర్వాత సంచిలోంచి తోటకూర కట్ట తీసి నా ముందు పెట్టింది.

"సదవకుంటే సదవకపాయె. రేపు పొద్దుగాల సుత వస్తా. నువ్వు ఇంకొకటి రాసి వెట్టు" అంది.